కథ మధ్యలో దిగిపోయేవారిపై ఫిర్యాదు

హైదరాబాదు మహానగరంలో బస్సెక్కి ఆఫీసుకు వెళ్ళి, మళ్ళీ బస్సెక్కి ఇంటికొచ్చే ఒక సామాన్య సంసారి సవినయంగా చేసుకుంటున్న మొర ఇది. నాకు రద్దీతో పేచీ లేదని ముందే మనవి చేస్తున్నాను. సికింద్రాబాదులో ఎక్కేటప్పుడు ఇస్త్రీ మడత మీదున్న చొక్కా మాసాబ్‌ట్యాంకులో దిగేసరికి ఇంకెవరిదో చొక్కా అయిపోతుంది, పోనీ. నా కాలు తొక్కి, తిరిగి నన్నే గుర్రుగా చూసినవాళ్ళను ఏనాడో క్షమించేశాను. వీపున బండెడు బ్యాగు తగిలించుకుని, ఆ సంగతే మరిచిపోయి గిరుక్కున తిరిగే కుర్రకారుకు కూడా దీవెనలే ఇస్తున్నాను. నా అభియోగమల్లా ఒక్కటే. ఈ ఊళ్ళో జనం బస్సులో కథ మొదలుపెడతారు, రసకందాయంలో పడేదాకా లాక్కొస్తారు, తీరా అసలు మాట దగ్గరికి వచ్చేసరికి స్టాపొచ్చిందని దిగిపోతారు. వినేవాళ్ళ గతేమిటి?

మిమ్మల్ని వినమని ఎవరన్నారని అడగబోతున్నారు కదూ. సిటీ బస్సులో నిలబడ్డ మనిషికి చెవులు మూసుకునే వసతి ఎక్కడుందండీ? ఒక చెయ్యి పైన కడ్డీకి, ఇంకో చెయ్యి టిఫిన్ డబ్బా సంచికి. మూడో చెయ్యి దేవుడివ్వలేదు.

పోయిన శనివారం జరిగిన అన్యాయం చూడండి. 5కె బస్సు. ఆడవాళ్ళ సీట్లు ఎక్కడ అయిపోతాయో సరిగ్గా ఆ పొలిమేరలో నిలబడ్డాను. అది నా స్థిరనివాసం. ఒక్క అడుగు ముందుకేస్తే కండక్టరు కసురుతాడు, ఒక్క అడుగు వెనక్కేస్తే ఏమీ వినపడదు. నా ముందు సీట్లో ఇద్దరు ఆడవాళ్ళు. కిటికీ పక్కనున్నావిడ ఒళ్ళో గోనెసంచి, అందులోంచి గోంగూర కట్టలు తొంగి చూస్తున్నాయి. రెండో ఆవిడ ఆమెకు వదిన వరస. రాణీగంజ్ దగ్గర మొదలైంది కథ.

"పిల్లగాడు మంచోడే వదినా. అమెరికా గిమెరికా ఏం లేదు, ఈడనే గచ్చిబౌలిల చేస్తడు. జాతకాలు గూడ కలిసినయి."

ట్యాంక్‌బండ్ ఎక్కేసరికి పెళ్ళిచూపుల్లో పెట్టిన మిర్చి బజ్జీల దాకా వచ్చింది. ఎన్నడూ నవ్వని వాళ్ళాయన కూడా ఆ పూట నవ్వాడట. పిల్లకు అబ్బాయి నచ్చాడట, ఆ సంగతి వంటింట్లోకొచ్చి చెప్పిందట. సెక్రటేరియట్ దాటింది.

"మరింకేంది?" అంది వదిన గారు. నేనూ మనసులో అదే అన్నాను.

"ఇంకేంది అంటే ఏం జెప్పాలె. అందరు లేసి నిలబడ్డరు, ఇగ పోతమని. అప్పటిదాంక నోరిప్పలె, మూల కుర్చీల కూసున్నది, పిల్లగాని మేనత్త. గామె ఒక్క మాట అన్నది సూడు వదినా..."

"లక్డీకాపూల్! దిగేటోళ్ళు జల్ది రావాలె!"

"అయ్యో, మన స్టాపే!" అని ఇద్దరూ లేచారు. గోంగూర నా మోచేతిని రాసుకుంటూ వెళ్ళిపోయింది. ముందున్న బస్సు కదలక మా బస్సు అక్కడే ఆగింది. కిటికీలోంచి చూస్తున్నాను. ఫుట్‌పాత్ మీద ఆవిడ ఆ మాట చెప్పేసింది! పెదాలు కదిలాయి, నాలుగైదు పదాలకు మించి ఉండవు. వదిన గారు సంచి కింద పెట్టేసి బుగ్గన చెయ్యేసుకున్నారు. అంటే చిన్నా చితకా మాట కాదన్నమాట. నేను కిటికీలోంచి తల బయటికి పెట్టేలోగా "రైట్ రైట్" అన్నాడు మహానుభావుడు.

ఆ పూట నుంచి నా ఇంట్లో శాంతి లేదు. చెప్పులు విప్పుతూ మా ఆవిడకు విషయం చెప్పడమే తడవు, ఆవిడ కాఫీ సంగతి మానేసి కుర్చీ లాక్కుని కూర్చుంది. కట్నం మాటై ఉంటుందని నేను. కాదు, కట్నం మాట కూర్చుని చెప్తారు, అందరూ లేచి నిలబడ్డాక అనేది పిల్ల ఎత్తు గురించేనని ఆవిడ. మేనరికం ఉందేమో, మేనత్తకే కూతురుందేమో అని అర్ధరాత్రి లేచి కూర్చుంది. ఇది మామూలు విషయం కాదు మరి, అటువైపు మేనత్త అడ్డం తిరిగితే పెళ్ళి ఆగిన ఇళ్ళు మా బంధువుల్లోనే ఉన్నాయి. "ఎవరి పెళ్ళో మనకెందుకు నాన్నా?" అన్నాడు మా అబ్బాయి. వాడు రాయదుర్గం వెళ్ళే సాఫ్ట్‌వేర్ మనిషి, ఇంట్లోంచి కాలు బయట పెడుతూనే చెవుల్లో వైర్లు లేని ముక్కలేవో దోపుకుంటాడు. వాడికేం తెలుస్తుంది తండ్రి కడుపుకోత.

ఈ జబ్బు ఇవాళ్టిది కాదు. నిజాం జమానాలో 1932 జూన్‌లో 27 బస్సులు, 166 మంది సిబ్బందితో ఇక్కడ ప్రభుత్వ రోడ్డు రవాణా మొదలైంది. అప్పట్లోనూ ఎవరో ఒకరు మాట మధ్యలో దిగే ఉంటారని, ఎవరో ఒకరు షేర్వానీ నలుపుకుంటూ కిటికీలోంచి చూసే ఉంటారని నా గట్టి నమ్మకం. డబుల్ డెక్కర్ల కాలంలో పరిస్థితి మరీ దారుణం. సికింద్రాబాదు నుంచి జూపార్కుకు వెళ్ళే ఆ రెండంతస్తుల బస్సులో పైన కూర్చున్నవాళ్ళు మెట్లు దిగాలి కదా, అందుకని ఒక స్టాపు ముందే లేచేవాళ్ళు. కథకు ఒక స్టాపు నష్టం. ఆ బస్సులు పోయినందుకు ఊరంతా నిట్టూరుస్తుంది గానీ ఈ కోణం ఎవరూ ఆలోచించరు.

ఇక కర్చీఫుల సంగతి. సికింద్రాబాదు స్టాండులో బస్సు ఇంకా ఆగకముందే కిటికీల్లోంచి కర్చీఫులు పడతాయి. రిజిస్ట్రేషన్ ఆఫీసులో సంతకాలు పెట్టి కొన్న ప్లాటుకైనా దావా పడుతుందేమో గానీ, సీటు మీద కర్చీఫుకు ఈ నగరంలో తిరుగులేదు. ఆ హక్కును నేనూ గౌరవిస్తాను, నా జేబులో అందుకోసమే ఒక పాత కర్చీఫు ప్రత్యేకంగా ఉంటుంది. నా బాధ వేరు. పక్కపక్క సీట్లలో కొత్తవాళ్ళిద్దరు కూర్చుంటారు, మాటా మాటా కలుస్తుంది, ఊరూ పేరూ అయి, చుట్టరికాలు బయటపడే వేళకు కర్చీఫు యజమాని వచ్చి "సార్, నా సీటు" అంటాడు. ఒకాయన లేచి వెనక్కి పోతాడు. ఆయన మేనమామ వరంగల్లులో ఎవరిని చేసుకున్నాడో మనకిక తెలియదు.

అలాగే సీటిచ్చే పిల్లలు. ఈ కాలం పిల్లలకు మర్యాద లేదని ఎవరన్నారు? కావలసిన దానికన్నా ఎక్కువే ఉంది. మొన్నామధ్య నా పొలిమేరలో నిలబడి, ఒకాయన వాళ్ళ ఆఫీసులో సూపరింటెండెంటు ఎలా సస్పెండయ్యాడో చెబుతుంటే శ్రద్ధగా వింటున్నాను. వెనకాల చివరి వరసలోంచి ఒక కుర్రాడు లేచి, "అంకుల్, వచ్చి కూర్చోండి" అని కేకేశాడు. వద్దన్నాను. బస్సులో అందరూ "కూర్చోండి సార్, పాపం పిల్లోడు లేచి నిలబడ్డడు" అని నన్ను చేతులు పట్టి వెనక్కి పంపించారు. సీటు దొరికింది. సస్పెన్షన్ ఆర్డరులో ఏం రాశారో మాత్రం దొరకలేదు.

చిల్లర విషయంలో కొంత ఆశ ఉండేది. మీకు తెలుసు కదా, ఫోన్లో డబ్బులు కొట్టే ఈ రోజుల్లో కూడా నాబోటివాడు నోటు తీస్తాడు. కండక్టరు వేళ్ళ సందున నిలువునా మడిచిన నోట్ల కట్టను ఒకసారి వేలితో తిరగేసి, ఏమీ లేదని నిట్టూర్చి, టికెట్టు వెనకాల పెన్నుతో అంకె వేసిస్తాడు. దిగే ముందు గుర్తు చెయ్యాలి. గుర్తు చేస్తే ఆయన చేసే పని ఉంది చూశారూ, అది ఈ నగరంలో మనుషుల్ని కలిపే గొప్ప సంస్థ. నాకు రావలసినవి డెబ్భై, నీలం చొక్కా వేసుకున్న ఒకాయనకు రావలసినవి ముప్పై. వంద నోటు నా చేతిలో పెట్టి, గడ్డంతో ఆయన్ని చూపించి, "ఇద్దరు కలిసి తీస్కోండి సార్" అని ముందుకెళ్ళిపోయాడు. అరక్షణంలో మేమిద్దరం వ్యాపార భాగస్వాములం.

నా స్టాపు మాసాబ్‌ట్యాంకు, ఆయనది లక్డీకాపూల్. నోటు నా దగ్గరుంది. ఆయన నన్ను చూసే చూపులో అనుమానం లేదు గానీ నమ్మకం కూడా లేదు. పరువు కోసం ఆయనతోపాటే దిగాను. నోటు మార్చాలంటే ఏదైనా కొనాలి, ఇరానీ హోటల్లో రెండు టీలు చెప్పాను. కప్పు సాసర్లో వంచుకుంటూ ఆయన తన గోడు మొదలుపెట్టాడు. తండ్రి పోయి ఇరవై ఏళ్ళు, మెదక్ దగ్గర పొలం, నలుగురు అన్నదమ్ములు, పెద్దన్న దగ్గర ఒక కాగితం ఉంది. ఆ కాగితం మీద వేలిముద్ర తండ్రిదేనని పెద్దన్న అంటాడు. "కానీ సార్, మా నాయిన సంతకం పెట్టేటోడు. సదువుకున్నడు. మరి ఆ ఏలుముద్ర ఎవలిదంటే..." సరిగ్గా అప్పుడు గల్లాపెట్టె దగ్గరున్నాయన చిల్లర బల్ల మీద పెట్టాడు. నా భాగస్వామి ముప్పై లెక్కపెట్టుకుని, గడియారం చూసి, "నాంపల్లి కోర్టుల వాయిదా ఉంది సార్, ఉంటా" అని రోడ్డు దాటేశాడు. టీ డబ్బులు నావి. ఆఫీసుకు ఆలస్యం నాది. వేలిముద్ర ఎవరిదో నాకు తెలియదు.

ఫోన్లో మాట్లాడేవాళ్ళు ఇంకో తెగ. ట్యాంక్‌బండ్ మీద, నీళ్ళ మధ్య బుద్ధుడు చెయ్యెత్తి చూస్తుండగా, "అమీర్‌పేటల ఉన్నన్నా, అయిదు నిమిషాలల్ల వస్త" అని ధైర్యంగా అనేస్తారు. బస్సులో ఒక్కరూ కాదనరు, మనవాళ్ళది పెద్ద మనసు. ఆ అబద్ధాలతో నాకు పనిలేదు. ఒకతను షాద్‌నగర్ ప్లాటు గురించి అరుస్తున్నాడు. "సంతకం పెట్టకు! ముందుగాల కాగితం ఎవలి పేర మీద ఉన్నదో సూడు. సూసినవా? ఎవలూ? ఏందీ, ఆమె పేరు మీదనా!" అంతే. ఫోను ఛార్జింగ్ అయిపోయింది. అతను దాన్ని ఒకసారి దులిపి, జేబులో పెట్టుకుని, తల కిటికీ కడ్డీకి ఆనించి నిద్రపోయాడు. చుట్టూ ఉన్న మేమందరం మాత్రం మెలకువగా ఉన్నాం. ఆమె ఎవరు? లేపి అడగడానికి మర్యాద అడ్డొస్తుంది. వాడికి లేని బాధ నాకెందుకని సర్దిచెప్పుకున్నా, రాత్రి అన్నంలో పెరుగు కలుపుకుంటుంటే ఆ ఆమె గుర్తుకొచ్చింది.

ఇక్కడ ఆడవాళ్ళకున్న వెసులుబాటు గురించి చెప్పక తప్పదు. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం వచ్చింది. తెలంగాణ మహిళలు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆధార్ చూపిస్తే చాలు, కండక్టరు మిషన్‌లోంచి సున్నా టికెట్టు చీరి ఇస్తాడు. దీనివల్ల మగవాళ్ళకు నిలబడే చోటు తగ్గిందని కొందరి ఏడుపు. నేనలాంటి చౌకబారు ఏడుపు ఏడవను. నా ఏడుపు కథల గురించే. ఇదివరకు మా ఆవిడ దిల్‌సుఖ్‌నగర్‌లో చెల్లెలింటికి వెళ్ళాలంటే పండగ రావాలి, ఆటో బేరం కుదరాలి. ఇప్పుడు వారం వారం వెళ్తుంది. వచ్చేటప్పుడు కథలు తెస్తుంది, అన్నీ పూర్తి కథలు! ఎల్‌బీ నగర్ ఆవిడ కోడలు పుట్టింటి నుంచి తిరిగొచ్చింది, మలక్‌పేట ముసలావిడ గొలుసు బియ్యం డబ్బాలోనే దొరికింది, చాదర్‌ఘాట్ అమ్మాయి ఆ ఉద్యోగం మానేసి మంచి పని చేసింది.

రహస్యమేమిటని అడిగాను. "అడిగితే చెప్తారు కదండీ" అంది. అంతే. నేను పొలిమేరలో నిలబడి మెడ సాచి వినాలి, ఆవిడ పక్కన కూర్చుని "ఆ తరవాతేమైందమ్మా?" అని అడిగేస్తుంది. ఒకవేళ వాళ్ళ కథ సాగుతూ తన స్టాపు వచ్చేస్తే దిగదు. నాలుగు స్టాపులు ముందుకెళ్ళి, కథ ముగించుకుని, ఎదురుగా వచ్చే బస్సెక్కి వెనక్కొస్తుంది. సున్నాకు సున్నా కలిపితే సున్నాయే. అదే పని నేను చేస్తే స్టేజీ దాటినందుకు ఒక టికెట్టు, వెనక్కి రావడానికి ఇంకో టికెట్టు. ఒక మధ్యతరగతి గుమస్తా నెలకెన్ని కథల ముగింపులు కొనగలడు? కనుక మగవాళ్ళకు ఉచితం అక్కర్లేదు గానీ, ఎక్కిన కథ అయిపోయేదాకా చెల్లే టికెట్టు ఒకటి కొట్టించాలని నా విన్నపం. రేటు కాస్త ఎక్కువైనా ఇచ్చుకుంటాను.

"ఇంత బాధెందుకు, మెట్రోలో వెళ్ళు నాన్నా, హాయిగా ఏసీ" అన్నాడు మావాడు. వెళ్ళాను. మెట్రో 2017 నవంబరులో వచ్చింది, మూడు లైన్లు, 57 స్టేషన్లు, కాదనను, బ్రహ్మాండంగా ఉంది. సికింద్రాబాద్ ఈస్ట్‌లో ఎక్కి అమీర్‌పేటలో మారి లక్డీకాపూల్లో దిగాను. ఎదురెదురుగా బెంచీలు, మనుషులు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోవడానికే వేసినట్టున్నాయి. ఒక్కడూ తలెత్తడు. బొటనవేళ్ళు మాత్రం కదులుతుంటాయి. ఆ పెట్టె మొత్తంలో మొదలుపెట్టిన మాట పూర్తి చేసే మనిషి ఒక్కతే, ఆ అనౌన్స్‌మెంటు ఆవిడ. తలుపులు ఎటువైపు తెరుచుకుంటాయో మూడు భాషల్లో చెబుతుంది. ఆవిడ జీవితంలో ఇంకేమీ జరగదు.

బేగంపేట దగ్గర ప్రాణం ఉసూరుమని పక్కవాడి ఫోన్లోకి చూశాను. ఏదో సినిమా, చప్పుడు వాడి చెవులకే. ఒకమ్మాయి రైల్వే ప్లాట్‌ఫారం మీద ఏడుస్తోంది. ఎందుకేడుస్తోందో అని కొంచెం వంగాను. వాడు ఫోను అటు తిప్పుకున్నాడు. అమీర్‌పేటలో మెట్లు దిగుతుంటే నా పక్కనే ఒక అమ్మాయి గాలితో మాట్లాడుతోంది. "లేదు. నేనలేదు. అననే లేదు. సరే, అన్నాను, అయితే?" ఒక పక్షం వాదన మాత్రమే వినిపించి తీర్పు చెప్పమంటే ఏ జడ్జీ చెప్పగలడు?

ఎంఎంటీఎస్ సంగతి వేరు, దాని కష్టం దానిది. 2003 నుంచి నడుస్తున్న ఆ రైల్లో సీజన్ టికెట్ల వాళ్ళుంటారు. రోజూ అదే పెట్టె, అదే మూల, అదే నలుగురు. కథ నిన్న ఎక్కడ ఆగిందో ఇవాళ అక్కడ అందుకుంటారు. చక్కటి ఏర్పాటే, కానీ మధ్యలో ఎక్కిన నాలాంటివాడికి మొదలు ఉండదు. నెక్లెస్ రోడ్డు దగ్గర ఒకాయన, "మొత్తానికి ఆయనే వచ్చి కాళ్ళమీద పడ్డాడు" అన్నాడు. అందరూ తృప్తిగా తలలూపారు. నేనూ ఊపాను. ఎవరి కాళ్ళమీద?

వీటన్నిటికన్నా ఘోరం నిన్న జరిగింది. బస్సులో ముక్కూ మొహం తెలియని ఒక మనిషి, చేతిలో హెల్మెట్టు, బండి రిపేరుకిచ్చి బస్సెక్కినట్టున్నాడు, నా దగ్గరికొచ్చి, "సార్, మీ బామ్మర్ది పైపోర్షన్ ఖాళీ చేసిండా?" అని అడిగాడు. నాకు నోట మాట రాలేదు. అది నేను మా ఆవిడతో ఫోన్లో, అదీ గొంతు తగ్గించి, అదీ పోయిన నెలలో మాట్లాడిన మాట! ఒక సంసారి ఇంటి గుట్టు బజారున పడితే ఇక నాగరికత ఎక్కడుంది? "మీకెందుకండీ?" అన్నాను, ఎంత గంభీరంగా అనాలో అంత గంభీరంగా. "అట్ల గాదు సార్. ఆ రోజు మీరు సగంలనే దిగిపోయిన్రు. మా ఇంట్ల గూడ అడుగుతున్రు" అన్నాడు. ఇలాంటివాళ్ళ వల్లే బస్సుల్లో పెద్దమనుషులు తిరగలేకపోతున్నారు. అదృష్టం కొద్దీ మాసాబ్‌ట్యాంకు వచ్చింది, దిగిపోయాను.

ఇవాళ రెండో శనివారం, నాకు సెలవు. మేనత్త మాట లేకుండా ఇంకో వారం గడపడం తనవల్ల కాదని మా ఆవిడ పొద్దున్నే తేల్చేసింది. గోంగూర కట్టలంటే మోండా మార్కెట్ సరుకు, శనివారం కొన్న మనిషి మళ్ళీ శనివారమే కొంటుంది, అదే వేళకు అదే బస్సెక్కుతుంది, ఇదీ ఆవిడ లెక్క. మూడు కూతలయ్యాక కుక్కర్ కట్టెయ్యమని నాకు చెప్పి, ఆధార్ కార్డు కొంగున ముడేసుకుని బయల్దేరింది. పోలీసు ఉద్యోగం చెయ్యాల్సిన మనిషి నాకు వంట చేసి పెడుతోంది.

మధ్యాహ్నం మూడైంది. ఇప్పుడే ఫోను చేసింది. దొరికారట, వదినా మరదళ్ళిద్దరూ. బస్సులో వాళ్ళ పక్కనే కూర్చుని వెళ్ళిందట, వాళ్ళింటికే తీసుకెళ్ళి అన్నం పెట్టారట, పిల్లను కూడా చూసిందట, బంగారు బొమ్మట. తిరుగు బస్సెక్కిందట.

"అవన్నీ సరే, మేనత్త ఏమన్నదట?" అన్నాను, కుర్చీలోంచి లేచి నిలబడి.

"ఉండండి, బస్సులో ఉన్నాను. అందరూ ఇటే వింటున్నారు" అని పెట్టేసింది.